ఇరవై రెండు మెట్లు

డాక్టరు చదువు పూర్తిచేసుకుని కొత్తగా ప్రాక్టీసులోకి దిగే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "మీ కాలంలో ఇన్ని యంత్రాలు లేకుండా గుండె జబ్బులు ఎట్లా చూశారు సార్?" అని అడుగుతారు. "చాలా ధైర్యంగా చూశాం" అంటాను. మాకు తెలియనిది ఎంత ఉందో మాకు తెలియదు కనుక ఆ ధైర్యానికి లోటు ఉండేది కాదు. నా హోదాలు, బదిలీలు, సన్మానాలు ఎవరికీ పనికిరావు, వాటిని వదిలేస్తున్నాను. నేను చేసిన ఒక తప్పు మాత్రం మీకు పనికొస్తుందని రాస్తున్నాను.

మా దవాఖానా

ఒక ప్రభుత్వ శాఖ ఉద్యోగుల కోసం నయాపూల్ దగ్గర పెట్టిన చిన్న దవాఖానా మాది. పాత దేవిడీ భవంతిలో పై అంతస్తు మాకిచ్చారు. కింది గదుల్లో శాఖవారి పాత ఫైళ్ళు ఉండేవి. ఫైళ్ళు బరువు కాబట్టి కింద, రోగులు తమంతట తాము నడిచి రాగలరు కాబట్టి పైన అని ఎవరో పెద్ద అధికారి నిర్ణయించారట. ఎక్కి రావడానికి ఇరవై రెండు రాతిమెట్లు. ఒక్కొక్కటీ జానెడున్నర ఎత్తు.

గుండె జబ్బు మనిషి, "నువ్వు మెట్లు ఎక్కకూడదు" అని మాతో చెప్పించుకోవడానికి ఆ ఇరవై రెండు మెట్లూ ఎక్కి రావాలి. ఇందులో ఏదో తేడా ఉందని నాకు చాలాకాలం తట్టలేదు.

మా పెద్ద డాక్టరుగారు మంచివారు, చదువుకున్నవారు, కోపిష్టి. గుండె యంత్రం లాంటిదనీ, ఎంత తక్కువ వాడితే అంత ఎక్కువ కాలం వస్తుందనీ ఆయన నమ్మకం. ఇది ఆయన ఒక్కరి పిచ్చి అనుకోకండి. అరవైల చివరి ఏళ్ళలో గుండెపోటు వచ్చినవాడిని ఆరు వారాలు మంచం దిగనివ్వకపోవడమే వైద్యం. నేను చదువుకున్నదీ అదే. కాకపోతే ఆయన ఆ సిద్ధాంతాన్ని తన ఒంటి మీద కూడా ఆచరించేవారు. కారు దిగి కుర్చీ, కుర్చీ దిగి కారు. రోజుకొక్కసారి మెట్లెక్కడం మాత్రం తప్పేది కాదు. సగంలో ఆగి, గోడకేసి చూసి, "ఈ గోడకు సున్నం వేయించాలయ్యా" అనేవారు. ఏళ్ళ తరబడి ఆ మాట విన్నాను. గోడకు సున్నం మాత్రం పడలేదు.

నేనేదో కుర్రవాడిలా పరిగెత్తేవాడినని చెప్పను. నాకప్పుడు ముప్ఫై నాలుగేళ్ళు, కొత్త స్కూటరు. మెట్ల మధ్యలో స్కూటరు తాళంచెవి కోసం జేబులు వెతుక్కునే అలవాటు నాకుండేది. తాళంచెవి ఎప్పుడూ కుడి జేబులోనే ఉండేది.

మూడోవాడు మా కాంపౌండర్ యూసుఫ్ భాయ్. మందులు కలుపుతూనే మెట్ల మీద వచ్చేవాళ్ళ అడుగుల చప్పుడు వినేవాడు. మనిషి పైకి రాకముందే "రెండుసార్లు ఆగిండు సాబ్" అని చెప్పేవాడు. మేం దాన్ని ఆయన కాలక్షేపం అనుకునేవాళ్ళం.

నర్సింలు

నర్సింలు నీళ్ళ శాఖలో వాల్వులు తిప్పే మనిషి. తెల్లవారక ముందే లేచి, నడుమెత్తు ఇనుప చావీ భుజాన వేసుకుని సైదాబాదు గల్లీల్లో తిరగాలి. రాతిమూత తీయాలి, చావీ దింపాలి, వాల్వు తిప్పాలి, ఆ గల్లీకి నీళ్ళు వదలాలి, మళ్ళీ వచ్చి కట్టేయాలి. వాల్వులు పాతిక దాకా ఉండేవి. ఏ మూత ఎక్కడుందో, ఏది ఎన్ని చుట్లు తిరగాలో ఏ కాగితం మీదా లేదు. అంతా ఆయన తలకాయలోనే ఉండేది.

నలభై ఆరో ఏట ఒకరోజు వాల్వు దగ్గరే ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. బతికాడు. ఆరు వారాలు మంచం అని పెద్ద డాక్టరుగారు రాశారు. భార్య లక్ష్మమ్మ ఆ మాటను శాసనంలా పాటించింది. మంచినీళ్ళ గ్లాసు కూడా ఆయన చేతికి ఇవ్వకుండా తనే తాగించేది. చుట్టాలందరూ బలానికని మేకకాళ్ళ పాయా, నెయ్యి, కోడిగుడ్లు తెచ్చి పోశారు. అయిదో వారంలో నేను చూడటానికి వెళితే నర్సింలు మెల్లగా అడిగాడు.

"సార్, లేసి కూసుంటే ఏమైతది?"

"గుండె మీద భారం పడతది."

"మరి పండుకోని గిన్నెడు పాయా తాగితే భారం గాదా సార్?"

బలానికి మంచిదే అన్నాను. ఆ జవాబు గుర్తొస్తే ఇప్పటికీ నామీద నాకే నవ్వొస్తుంది.

ఆరు వారాలయ్యాక, ఇతను నడిచే పని చేయకూడదు, కూర్చునే పని ఇవ్వండి అని సర్టిఫికెట్ రాశాం. సంతకం నాది. శాఖవాళ్ళు ఆయనకు సెక్షన్ ఆఫీసు గుమ్మం పక్కన ఒక కుర్చీ ఇచ్చారు. నీళ్ళు రావడం లేదని వచ్చినవాళ్ళకు ఇంజనీరు సాబ్ బయటికి పోయారని చెప్పడం పని. వాల్వు తిప్పేవాడికి కుర్చీ దొరకడం ఆ బస్తీలో అంతకుముందు ఎన్నడూ లేదు. ప్రమోషన్ వచ్చిందనుకుని బస్తీవాళ్ళు పూలదండ వేసి ఊరేగించినంత పని చేశారు. దండతోనే మా దగ్గరికి వచ్చి నాకూ రెండు లడ్డూలు ఇచ్చి వెళ్ళారు. తిన్నాను.

కుర్సీ జబ్బు

ఏడాది తిరిగేసరికి నర్సింలు ఒళ్ళు చేశాడు. కాళ్ళు వాచాయి. నిద్రపట్టేది కాదు. నాడి తొంభై దాటి ఉండేది. నెలనెలా పరీక్షకు వచ్చేటప్పుడు యూసుఫ్ భాయ్ లోపలి నుంచే చెప్పేవాడు: "నాలుగుసార్లు ఆగిండు సాబ్." ఒకనాడు నా బల్ల దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అన్నాడు. "సాబ్, ఏక్ బాత్ బోలూ? గుండె జబ్బు ఆర్నెల్ల కిందనే తగ్గింది. ఇప్పుడున్నది కుర్సీ జబ్బు." కాంపౌండరు మాట అని నేను పట్టించుకోలేదు.

నర్సింలు మాత్రం వచ్చినప్పుడల్లా ఒకటే అడిగేవాడు.

"సార్, నా డ్యూటీ నాకు ఇప్పియ్యుండ్రి. కుర్సీల కూసుంటే పానం పోతున్నట్టే ఉన్నది."

"నడిస్తే నిజంగనే పోతది నర్సింలూ."

"పోతే పోనియ్యుండ్రి. గల్లీల నడుసుకుంట పోతది గద."

"గట్ల మాట్లాడొద్దు. ఇంటికి పోయి పండుకో."

ఎందుకు ఒప్పుకోలేదో చెబుతాను, ఎందుకంటే కొత్తగా వచ్చేవాళ్ళు తెలుసుకోవాల్సింది ఇదే. వైద్యం ఒక కారణం, నిజమే. రెండో కారణం భయం. నేను 'ఫిట్' అని రాశాక నర్సింలు గల్లీలో పడి చనిపోతే, ఎందుకు రాశావని నన్ను అడుగుతారు. కుర్చీలో చనిపోతే ఎవరూ ఏమీ అడగరు.

మూడో ఏడు మొదట్లో ఒక వింత జరిగింది. "ఇయ్యాల రెండుసార్లే ఆగిండు సాబ్" అన్నాడు యూసుఫ్ భాయ్. రెండు నెలలకు అది ఒకసారి అయింది. తర్వాత అసలు ఆగడమే లేదు. కాళ్ళ వాపు దిగింది, పొట్ట తగ్గింది, నాడి డెబ్భైకి వచ్చింది, రక్తపోటు దిగింది. ముఖంలో కళ వచ్చింది. నేను గర్వంగా వెళ్ళి పెద్ద డాక్టరుగారికి చెప్పాను. ఆయన ఆనందానికి హద్దు లేదు. వేరే దవాఖానాల నుంచి నలుగురు డాక్టర్లను పిలిచి, టీ బిస్కెట్లు తెప్పించి, నర్సింలును మధ్యలో నిలబెట్టారు.

"చూడండి, సంపూర్ణ విశ్రాంతి అంటే ఇదీ. ఏమయ్యా నర్సింలూ, ఏం చేశావో వీళ్ళకు చెప్పు."

నర్సింలు ఒకసారి నావైపు చూసి, చేతులు కట్టుకుని, "మీరు జెప్పినట్టే జేసిన దొరా" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

మూడు తిప్పులు

పది రోజుల తర్వాత సైదాబాదులో మా చుట్టాలావిడకు జ్వరం అంటే పొద్దున్నే స్కూటరు మీద బయలుదేరాను. మసక వెలుతురు. ఒక మలుపులో రాతిమూత పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఎవరో ఇనుప చావీ తిప్పుతున్నారు. చూస్తే మా సంపూర్ణ విశ్రాంతి.

బండి ఆపాను. పారిపోతాడనుకున్నాను. తలెత్తి చూసి, "జర ఆగుండ్రి సార్, ఇంకా మూడు తిప్పులున్నయ్" అన్నాడు. పని పూర్తిచేసి, మూత పెట్టి, చెప్పుకొచ్చాడు. ఆయన బదులు వచ్చిన అంజయ్యకు మూతలు ఎక్కడున్నాయో తెలియదు. గల్లీలకు నీళ్ళు రాక ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని నర్సింలు ఇంటి ముందు లొల్లి చేశారు. ఒక్క వాల్వు చూపించి వద్దామని ఆయన లక్ష్మమ్మకు తెలియకుండా వెళ్ళాడు.

"ఇంటికొచ్చి పండుకున్న సార్. సచ్చిపోతనేమో అని గంటసేపు సూసిన. ఏం గాలే. తెల్లారి మల్ల గదే వాల్వు కాడికి పోయిన. వారమయినంక రెండు. గట్ల ఒక్కొక్కటి పెంచుకుంట వచ్చిన. ఇప్పుడు అన్నీ తిరుగుత, పది గొట్టంగనే పోయి కుర్సీల కూసుంట."

"ఆయాసం రాదా?"

"అంజయ్యతోని ముచ్చట పెట్టుకుంట నడుస్త సార్. మాట ఆగిందనుకో, కాలు ఆపుత. మాట మల్ల వస్తే కాలు మల్ల లేస్తది. గింతే. ఫికర్ జేయకుండ్రి."

గుండె రోగి వ్యాయామం ఎక్కడ మొదలుపెట్టాలి, ఎట్లా పెంచాలి, ఎప్పుడు ఆపాలి అన్నది ఆ తర్వాత చాలా ఏళ్ళకు నేను పెద్ద పెద్ద పుస్తకాల్లో చదివాను. ఆ రోజు పొద్దున గల్లీలో విన్నదానికంటే వాటిలో ఎక్కువేమీ లేదు.

విన్నాక ఏం చేశానంటారా? నడువు అనలేదు, ఆపు అనలేదు. "ఎవరికీ చెప్పకు" అన్నాను. స్కూటరు ఎక్కి వచ్చేశాను. దారంతా సిగ్గేసింది. చప్పట్లు కొట్టించుకున్న పెద్దాయన ముందు నోరు విప్పే దమ్ము మాత్రం ఆ సిగ్గులోంచి రాలేదు.

సేఠ్‌గారి ప్రదక్షిణలు

నోరు విప్పలేదు కానీ, తెలిసిన దాన్ని ఎక్కడో ఒకచోట వాడాలని చేయి దురదపెట్టింది. సాయంత్రాలు నేను ఉస్మాన్‌గంజ్‌లో ప్రైవేటుగా కూర్చునేవాడిని. అక్కడైతే సర్టిఫికెట్లు లేవు, మెమోలు లేవు. పప్పుల హోల్‌సేల్ వ్యాపారి ఒకాయన ఉండేవాడు, భారీ మనిషి, రక్తపోటు. గద్దె మీద కూర్చుంటే దుకాణం కట్టేదాకా లేచేవాడు కాదు. రోజూ నడవాలన్నాను. రోడ్డు మీద ఊరికే నడిస్తే దివాలా తీశానని బజారంతా అనుకుంటుందని బాధపడ్డాడు. "అయితే గుళ్ళో నూటెనిమిది ప్రదక్షిణలు చేయండి, ఎవరూ ఏమనుకోరు" అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మూడు నెలలైంది. రక్తపోటు చుక్క దిగలేదు.

"ప్రదక్షిణలు చేస్తున్నారా సేఠ్?"

"ఒక్క రోజు గూడ తప్పలేదు డాక్టర్ సాబ్. పొద్దుగాల నూటెనిమిది."

అనుమానం వచ్చి గుడికి వెళ్ళాను. సేఠ్‌గారి గోత్రనామాలు చదువుకుంటూ పూజారిగారు తిరుగుతున్నారు. జపాలు, హోమాలు మన పేరున పంతులు చేస్తే ఫలం మనకు వస్తుంది కదా, ప్రదక్షిణలూ అంతేనని సేఠ్ ఏర్పాటు చేసుకున్నాడు. పూజారిగారు నన్ను చూసి ఆగి, "మోకాళ్ళ నొప్పులు పోయాయండీ, రాత్రిళ్ళు మస్తు నిద్ర పడుతోంది" అని దండం పెట్టారు. నేను రాసిన మందు బ్రహ్మాండంగా పనిచేసింది. మనిషి మారాడు, అంతే.

అప్పటి నుంచి మందు చీటీ మీద 'నడక' అని ఊరుకోకుండా 'స్వయంగా' అని కూడా రాయడం మొదలుపెట్టాను. ఇంకోటి కూడా చెప్పాలి. నడక మంచిదని తెలిశాక కొందరు మిత్రులు, రిక్షా తొక్కేవాళ్ళకు జబ్బులే రావని తేల్చేశారు. వాళ్ళను నేను చూశాను. కడుపు మాడ్చుకుని బరువు లాగడం వ్యాయామం కాదు. తిండి, నిద్ర, ఇష్టం ఉన్నప్పుడే నడక గుండెకు మేలు చేస్తుంది.

మెమో

నర్సింలు గుట్టు రెండేళ్ళు నిలిచింది. తర్వాత కొత్తగా వచ్చిన ఇంజనీరు పొద్దున్నే తనిఖీకి వెళ్ళి, కుర్చీలో ఉండాల్సిన మనిషిని వాల్వు దగ్గర పట్టుకున్నాడు. మెమో వచ్చింది. ఆరోగ్యం బాగుంటే ఇన్నాళ్ళు కుర్చీ ఎందుకు తీసుకున్నావు, బాగాలేకపోతే డాక్టరు మాట ఎందుకు మీరావు అని. దవాఖానా వాళ్ళు తేల్చి చెప్పాలన్నారు. పనికిరాడని రాస్తే నర్సింలుకు ఉద్యోగం పోతుంది.

ఆ కాగితం పట్టుకుని ఆయన వచ్చిన రోజు మెట్ల మీద ఒక్కసారీ ఆగలేదు. పైకొచ్చి కాగితాన్ని మా బల్ల మీద పెట్టాడు. "నడక వద్దంటే వద్దని రాయుండ్రి, కుర్సీలనే కూసుంట. నౌకరి మటుకు తీయకుండ్రి దొరా" అన్నాడు. పోతే పోనియ్యుండ్రి అన్నది కూడా ఈ మనిషే.

పెద్ద డాక్టరుగారు మండిపడ్డారు. "నా మాట కాదని తిరుగుతాడా! ఏ పనికీ పనికిరాడని రాయి."

"సార్, అతను రెండేళ్ళకు పైగా తిరుగుతున్నాడు" అన్నాను. "మనం నలుగురిని పిలిచి చూపించామే, అది పడుకున్న గుండె కాదు. నడిచిన గుండె. నాకు తెలుసు."

"ఎప్పటి నుంచి తెలుసు?"

"చప్పట్లు కొట్టిన పది రోజుల తర్వాత నుంచి."

ఆయన నన్ను తిట్టడం మొదలుపెట్టే లోపు మందుల గది నుంచి యూసుఫ్ భాయ్ తల బయటపెట్టాడు. "మాఫ్ కర్నా సాబ్. లొల్లి ఎందుకు? పరీక్ష మన ఇంట్లనే ఉన్నది గద. ఇరవై రెండు మెట్లు."

పెద్ద డాక్టరుగారు పౌరుషానికి లేచారు. "నేనే పక్కన ఎక్కుతాను, నాడి పట్టుకుని చూస్తాను. నువ్వూ రావయ్యా." ముగ్గురం కిందికి దిగాం. నర్సింలు ఇనుప చావీని కింద గోడకు ఆనించి వచ్చాడట, దాన్ని భుజాన వేసుకున్నాడు. బరువుతో ఎక్కితేనే ఒప్పుకుంటానని పెద్దాయనే అన్నారు.

ఎక్కడం మొదలైంది. ఆరో మెట్టు దగ్గర నర్సింలు నాడి మీంచి పెద్దాయన చేయి జారింది. పదకొండో మెట్టు మీద పెద్ద డాక్టరుగారు ఆగి గోడకేసి చూశారు. ఈసారి సున్నం మాట రాలేదు. పదిహేనో మెట్టు మీద నా చేయి దానంతటదే జేబులోకి వెళ్ళింది. నర్సింలు పైకి చేరి, వెనక్కి తిరిగి, మమ్మల్ని చూసి, చావీ గోడకు ఆనించి గబగబా కిందికి దిగి వచ్చాడు.

"దొరా, ఆగుండ్రి. మాట ఆగితే కాలు ఆపాలె. నా భుజం పట్టుకోండ్రి." పెద్దాయన భుజం పట్టుకున్నారు. మాట్లాడే స్థితిలో లేరు కాబట్టి అభ్యంతరం చెప్పలేదు. నర్సింలు ఆయనతో పాటు ఒక్కో మెట్టూ ఆగుతూ రెండోసారి పైకి ఎక్కాడు. కుర్చీలో కూలబడి, గ్లాసెడు నీళ్ళు తాగి, చెమట తుడుచుకుని, పెద్దాయన కాగితాన్ని నావైపు తోశారు.

"రాయి. నేనూ సంతకం పెడతాను."

'ఫిట్' అని రాశాను. "నర్సింలన్నా, రేపటి నుంచి డ్యూటీకి పో" అన్నాను. అన్నా అనడం అదే మొదటిసారి. ఆయన నేలమీద కూర్చుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. యూసుఫ్ భాయ్ కూడా కళ్ళు తుడుచుకుని, మందు ఘాటు అన్నాడు.

తర్వాత

నర్సింలు రిటైరయ్యేదాకా వాల్వులు తిప్పాడు. నేను స్కూటరు ఇంట్లో పెట్టి పొద్దున్నే ఆయన వెంట తిరగడం నేర్చుకున్నాను. ఎండ పెరిగేసరికి ముచ్చట కూడా పెరిగేది. పెద్ద డాక్టరుగారు కొన్నేళ్ళకు ఉపన్యాసాలలో నడక గొప్పదనం చెప్పసాగారు, అది తాను మొదటి నుంచీ చెబుతున్నదేనన్నారు. ఎనభైలలో మా దవాఖానాకు మంచి రోజులొచ్చాయి. గుండె రోగుల సౌకర్యం కోసం మమ్మల్ని కిందికి, ఫైళ్ళను పైకి మార్చారు. యంత్రాలు వచ్చాయి. యూసుఫ్ భాయ్‌కి వినడానికి ఏమీ లేకుండా పోయింది.

నర్సింలు కథ విని, గుండెపోటు వచ్చిన మర్నాడే మనిషిని రోడ్డు మీదికి తోలకండి. ఆయన ఒక్క వాల్వుతో మొదలుపెట్టాడు, మాట ఆగినప్పుడల్లా కాలు ఆపాడు. అది మరిచిపోకండి.

చివరగా ఒక మాట. ఆ చప్పట్ల రోజు తర్వాత, నర్సింలును చూపించి, మేం ఇంకో ఐదుగురికి కుర్చీలు రాశాం. నాకు నిజం తెలిశాక కూడా రెండేళ్ళు వాళ్ళు ఆ కుర్చీల్లోనే ఉన్నారు. 'ఫిట్' అని రాసిన మర్నాడు వాళ్ళ పేర్లు తీసి ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళాను. ఇద్దరికి నడవండి అని చెప్పగలిగాను. మిగతా ముగ్గురూ అప్పటికే పోయారు. నడిస్తే బతికేవాళ్ళని ప్రమాణం చేసి చెప్పలేను. ఒకరి ఇంట్లో ఆయన భార్య నాకు నీళ్ళిచ్చి, "మీరు జెప్పినట్టే కూసోబెట్టినం సార్, అడుగు తీసి అడుగు పెట్టనియ్యలే" అంది. ఆ మూడు ఇళ్ళలో ఎవరూ నన్ను ఏమీ అడగలేదు.